పెషా పిన్ని ఉంగరం

లాజర్‌కి కిస్మిస్ పడదు. ఈ సంగతి మా ఓషన్ పార్క్‌వే చుట్టుపక్కల యూదుల ఇళ్లన్నిటికీ తెలుసు. పెషా పిన్ని భోజనానికి వస్తోందంటే మా అమ్మ సేమ్యాతో కాల్చి చేసే కూగెల్ అనే తీపి వంటకంలో కిస్మిస్ వేసేది కాదు. "పోయిన మనిషికి పడనిది ఆవిడ ముందు పెట్టడం దేనికి?" అనేది.

లాజర్‌ని మాలో ఎవరూ చూడలేదు. పెషా గుర్విచ్ మాంట్రియల్ నుంచి న్యూయార్క్‌లో మా బ్రూక్లిన్‌కి వచ్చేసరికే ఆయన పోయాడు. అయినా ఆయన టీలో నిమ్మకాయ పిండుకుని ఆ తొక్క కూడా నమిలేవాడనీ, మబ్బు పడితే చాలు తుమ్మేవాడనీ, గొడుగులు పోగొట్టడంలో ఆయనను మించినవాడు లేడనీ మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా నాన్న గొడుగు ఎక్కడో మరిచిపోయి తడుస్తూ వస్తే "మా ఇంటి లాజర్ వచ్చాడు" అనేది అమ్మ.

పెషా పిన్ని పెళ్లి గౌన్ల దుకాణంలో కుట్టుపని చేసేది. పెళ్లికూతుళ్ల నడుముల దగ్గర వదులు చేయడం, బిగించడం ఆవిడ పని. పళ్ల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులు ఉండేవి. వాటితోనే మాట్లాడేది, వాటితోనే తిట్టేది. పెళ్లయిన ఆడవాళ్లలాగే తలకు గుడ్డ కట్టుకునేది. వేలికి సన్నటి బంగారు ఉంగరం ఉండేది. తొలి రోజుల్లో ఒకరిద్దరు ఆవిడకి సంబంధాలు తెచ్చారట. ఆవిడ ఆ ఉంగరాన్ని మెల్లగా తిప్పుతూ "లాజర్ తర్వాత ఇంకొకరా?" అని కళ్లు దించుకుందట. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

లాజర్‌కి కొడుకులు లేరని హెర్షెల్ బ్లావ్ జాలిపడ్డాడు. కుళాయిలూ షవర్లూ అమ్మే దుకాణం ఆయనది. మనిషి గట్టిగా మాట్లాడతాడు గానీ మనసు మెత్తన. ఏటేటా లాజర్ పోయిన తిథికి పిన్ని ఇంట్లో దీపం పెడితే, ప్రార్థన మందిరంలో నిలబడి కొడుకు చెప్పాల్సిన కదిష్ ప్రార్థన ఆయనే చెప్పేవాడు. ఒకసారి జ్వరంతో ఉండి కూడా వచ్చి చెప్పాడు.

చలికాలం వస్తే పెషా పిన్ని సాయంత్రాలు మందిరం కింద ఉన్న హాలులో గడిచేవి. దీపాల పండుగ హనుకా రోజుల్లో అక్కడ ఏటా ఒక పాటల నాటకం వేస్తాం. పిల్లా పెద్దా అందరూ చూసేది, సగంమంది ఆడేది. దుస్తులూ, ఆడేవాళ్లకు కావలసిన వస్తువులూ పిన్ని చూసుకునేది. ప్రతి వస్తువునీ నటుడి చేతిలో పెట్టేటప్పుడు ఒకే మాట అనేది. "తీసుకో. ఇక ఇది నీది. పోగొట్టావంటే నిన్ను ఇదే సూదితో కుట్టేస్తాను."

నాకు జనం ముందు నిలబడాలంటే గొంతు పెగలదు. కాబట్టి సైడ్ వింగులో స్టూలు మీద కూర్చుని మాటలు అందించే పని నాకిచ్చారు. అక్కడ పిన్నికీ నాకూ మధ్య ఒక బట్టల బుట్ట మాత్రమే ఉండేది.

ఆ ఏడు వేసిన నాటకం పేరు 'ఊరగాయల వీధి'. తోపుడుబండి మీద దోసకాయ ఊరగాయలు అమ్ముకునే ఆయన కూతురు, ఇస్త్రీ దుకాణం కుర్రవాణ్ని ప్రేమిస్తుంది. పీపాలోంచి దోసకాయలు లేచి వాళ్లకు సాయం చేస్తాయి. దోసకాయలంటే పిల్లలే. పిన్ని వాళ్లందరికీ ఆకుపచ్చ వెల్వెట్ తొడుగులు కుట్టింది. ఊరగాయల ఆయన కూతురుగా త్సిపోరా హాల్పెరిన్ వేసింది. పాడితే హాలులో దగ్గు కూడా వినపడని గొంతు. ఇస్త్రీ కుర్రవాడు ఎలియాకిమ్. మందులషాపులో పనిచేసే పొడుగాటి అబ్బాయి, మంచివాడు, కంగారు మనిషి. పెళ్లి సీనులో సాక్షుల్లో ఒకడిగా హెర్షెల్ బ్లావ్ నిలబడేవాడు.

త్సిపోరాకి అప్పటికే బయట నిజం పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు మీకా కాట్స్. వాళ్లది కోహెన్ వంశం, పూర్వకాలపు ఆలయ పూజారుల సంతతి. ఆ పిల్ల వేదికెక్కి పాడటమే మీకా తండ్రి కాట్స్ గారికి మింగుడుపడలేదు. "పెళ్లయ్యాక మానేస్తుందిలే" అని సర్దుకుని, ఆ ఆదివారం మధ్యాహ్నం మీకాతో కలిసి ఆటకి వచ్చి రెండో వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు.

మా నాటకాల్లో పెళ్లి లేకుండా ఉండదు. పెళ్లి ఉంటే రెండు జాగ్రత్తలు కూడా ఉంటాయి. ఉంగరం తొడుగుతూ పెళ్లికొడుకు చెప్పే పాత వాక్యం ఒకటుంది. వేదిక మీద దాన్ని పూర్తిగా అననివ్వం. మూడో మాట దగ్గరే పియానో మోగుతుంది, పిల్లలు పాట ఎత్తుకుంటారు. రెండోది ఉంగరం. అది హాలు కర్టెన్‌కున్న ఇత్తడి రింగు, ఎవరి సొంతమూ కాదు. ఎందుకింత జాగ్రత్త అంటే, పెళ్లికాని పిల్ల, పిల్లవాడు, అతని సొంత ఉంగరం, ఆ వాక్యం మొత్తం, చూస్తున్న ఇద్దరు సాక్షులు, ఇవన్నీ ఒకచోట కలిస్తే పెళ్లి అయినట్టే. అట్టముక్కల ఇల్లు వెనక ఉన్నా సరే.

ఆ రోజు పెళ్లి సీనుకి ముందు ఎలియాకిమ్ చేతిలోంచి ఇత్తడి రింగు జారి, దొర్లుకుంటూ వేదిక పలకల సందులోకి పోయింది. వాడి ముఖం పాలిపోయింది.

"పిన్నీ! రింగు! పడిపోయింది!"

"నీ తల మెడమీద కుట్టి ఉంది కాబట్టి సరిపోయింది" అంది పిన్ని. అవతల పాట అయిపోవస్తోంది. ఆవిడ తన వేలికున్న ఉంగరం లాగింది. అది తేలిగ్గానే వచ్చింది. అది చూసి నేను ఆశ్చర్యపోయాను, ఇన్నేళ్ల ఉంగరం వేలికి అతుక్కుపోతుంది కదా అని. వాడి అరచేతిలో పెట్టి అలవాటు ప్రకారం అంది. "తీసుకో. ఇక ఇది నీది. పో."

అది సొంత ఉంగరం కదా అని తట్టింది గానీ, వాక్యం ఎలాగూ పూర్తికాదు కదా అనుకున్నాను.

పెళ్లి పందిరి కింద ఎలియాకిమ్ ఉంగరం ఎత్తాడు. మొదటి మూడు మాటలూ అన్నాడు. పియానో మోగలేదు. వాయించే ఆవిడ పాటల పుస్తకంలో పుటలు రెండు అంటుకుపోయాయి, విడదీస్తోంది. దోసకాయలన్నీ నోళ్లు తెరిచి సంగీతం కోసం చూస్తున్నాయి. హాలంతా నిశ్శబ్దం. నేను "ఆగు" అని గుసగుసగా అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆ మౌనాన్ని భరించలేక, కంగారులో, వాడు నాలుగో మాట అన్నాడు. ఐదోది అన్నాడు. తన అన్నల పెళ్లిళ్లలో విని విని నోటికొచ్చిన వాక్యం, చివరిదాకా, చక్కటి ఉచ్చారణతో అనేసి, త్సిపోరా చూపుడువేలికి ఉంగరం తొడిగేశాడు.

అప్పుడు పియానో మోగింది.

"ఆపండి!"

కాట్స్ గారు లేచి నిలబడ్డారు. జనం ఇది కూడా నాటకంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

"నవ్వుతారేమిటి? పెళ్లయిపోయింది! నా కోడలికి పెళ్లయిపోయింది!"

చప్పట్లు ఆగిపోయాయి. ఎలియాకిమ్ తన చేతిని తానే, అది ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. త్సిపోరా ఉంగరం లాగబోయింది. అది సగం వేలు దగ్గర ఇరుక్కుంది. ఎవరో తెర దించారు. తెర వెనక ఒక చిన్న దోసకాయ ఏడవడం మొదలుపెట్టింది.

జనానికి ఇంటర్వెల్ అని చెప్పారు. అప్పుడే వేగుతున్న బంగాళాదుంప అట్లు పంచారు. మేమందరం వంటగదిలో చేరాం. మందిరం గురువు రబ్బీ ఓస్త్రోవ్ గారు నాటకం చూడటానికి వచ్చి, చేతిలో సగం తిన్న అట్టుతోనే లోపలికి వచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకునే ఉన్నారు.

"రబ్బీ గారూ, అది ఆట" అన్నాడు మీకా. "అందరికీ తెలుసు, ఆటేనని."

"ఆటలో అన్నమాట మాట కాదు అన్న పెద్దలున్నారు" అన్నారు రబ్బీ గారు. "సాక్షుల ముందు అన్నాక మనసులో ఏముందో మనకు అనవసరం అన్నవాళ్లూ కొందరున్నారు."

"ఆ 'కొందరు' ఉండగా నేను పెళ్లి చేయను" అన్నారు కాట్స్ గారు.

"అనుమానం తీరడానికి విడాకుల పత్రం రాయిస్తే?" అంది త్సిపోరా తల్లి.

జవాబు అందరికీ తెలుసు. కోహెన్ వంశంవాడు విడాకులు పుచ్చుకున్న పిల్లని చేసుకోకూడదు. అవి అనుమానం తీరడానికి రాసినవైనా అంతే. పత్రం రాయకపోతే త్సిపోరా ఎలియాకిమ్ భార్య. రాస్తే మీకాకి దక్కదు. ఆ పిల్ల బంగాళాదుంపల బస్తా మీద కూలబడి, వేలు సబ్బునీళ్లలో ముంచుకుని ఏడుస్తోంది.

అప్పుడు హెర్షెల్ బ్లావ్ గొంతు సవరించుకున్నాడు. "రబ్బీ గారూ, సాక్షి పనికిరానివాడైతే పెళ్లి చెల్లదు కదా? నేను పనికిరాను. ఏ పనీ చేయకూడని శనివారాలు దుకాణం వెనక గదిలో కూర్చుని సరుకు సర్దుతాను."

"ఏంటీ?" అంది ఆయన భార్య గీతెల్. "మధ్యాహ్నం నడుం వాలుస్తానని చెప్పి కుళాయిలు సర్దుతున్నావా?"

"ఆ పిల్ల కోసం చెప్తున్నానే! ఊరుకో!"

"పిల్ల సంగతి ఇక్కడ. నీ సంగతి ఇంట్లో."

రబ్బీ గారు తల అడ్డంగా ఊపారు. "నువ్వు పనికిరాకపోతే ఏం హెర్షెల్? హాలు నిండా కళ్లే. వాళ్లలో ఇద్దరు మంచివాళ్లు దొరకరా?" ఆయన ఎలియాకిమ్ వైపు తిరిగారు. "ఉంగరం ఎవరిది బాబూ? కర్టెన్‌దేనా?"

"కాదండీ. అది పడిపోయింది. పెషా పిన్ని తనది ఇచ్చింది."

"వాడుకుని ఇవ్వమందా?"

వాడు అబద్ధం ఆడలేడు. ఆడితే బాగుండునని ఆ క్షణంలో నాకనిపించింది. "నీది అంది. 'ఇక ఇది నీది' అంది."

త్సిపోరా తల్లి నోటిమీద చేయి వేసుకుంది. రబ్బీ గారు అట్టుని కిటికీ గట్టుమీద పెట్టేశారు.

"పెషా, నిజమేనా? అలా అన్నావా?"

"అన్నాను" అంది పిన్ని. పళ్ల మధ్య సూదులు లేవు. ఆ నోరు అలా ఖాళీగా చూడటం నాకదే మొదటిసారి.

"మీ లాజర్ పెట్టిన ఉంగరం. నీ సొంతం. నువ్వు ఇస్తే వాడిదైంది" అని రబ్బీ గారు తనలో తాను అనుకున్నట్టుగా, చాలా బరువుగా అన్నారు.

పిన్ని త్సిపోరా వైపు చూసింది. తర్వాత హెర్షెల్ వైపు చూసింది. ఆ చూపు ఎందుకో నాకప్పుడు అర్థంకాలేదు. పొయ్యి మీద అట్లు వేగుతూనే ఉన్నాయి.

"నాది కాదు" అంది.

"ఏది?"

"ఆ ఉంగరం. నాది కాదు. మా చెల్లెలు రైసెల్‌ది. మా అమ్మ పోతూ దానికిచ్చింది. దాని అత్తగారింట్లో వస్తువులు నిలవవని నా దగ్గర దాచమంది. దాని మొదటి మనవరాలికి పెట్టాలట. ఎవరికీ ఇచ్చే హక్కు నాకు లేదు."

కాట్స్ గారు కళ్లు చిట్లించారు. "ఇంతసేపటికి గుర్తొచ్చిందా?"

"ఆమె నోటితో వింటే మంచిది" అన్నారు రబ్బీ గారు.

పిన్ని గోడ ఫోను దగ్గరికి వెళ్లింది. నెంబరు తనే తిప్పింది. రిసీవరు రబ్బీ గారికి ఇవ్వబోయి, ఒక్క క్షణం గుండెకు ఆనించుకుంది. "ఉంగరం సంగతి మటుకే అడగండి" అంది.

రైసెల్‌కి దూరపు ఫోనంటే అంత దూరమూ వినపడేలా అరవాలని నమ్మకం. వంటగదంతా ఆవిడ గొంతే.

"ఎవరూ? రబ్బీయా? పెషాకేమైనా అయిందా?"

"ఏమీ కాలేదమ్మా. మీ అమ్మగారి ఉంగరం ఎవరిదో తెలియాలి."

"నాది! ఎందుకూ? పెషా దాన్ని బ్యాంకు పెట్టెలో పెట్టానంది. దొంగలు పడ్డారా?"

"లేదమ్మా. ఇంకొకరికి ఇచ్చేయమని ఎప్పుడైనా అన్నారా?"

"ఇవ్వడమా? నా మనవరాలికి నాలుగేళ్లు! దాని పెళ్లికి! పెట్టెలోంచి ఎవరు తీశారు?"

రబ్బీ గారు ఊపిరి పీల్చుకున్నారు. ఊరట కలిగినవాడికి నోరు వదులవుతుంది. "పెట్టెలో ఎక్కడుందమ్మా, ఇన్నేళ్లూ మీ అక్కయ్య పెళ్లి ఉంగరంగా వేలికే పెట్టుకుని ఉంటేనూ."



"పెళ్లా? ఎవరికి పెళ్లి? పెషాకా? దానికి పెళ్లెప్పుడయింది? ఒరేయ్ మెండల్, ఇలా రా! మీ పెద్దమ్మ పెళ్లి చేసుకుందట! నాకు చెప్పలేదు!"

రబ్బీ గారు నెమ్మదిగా అన్నారు. "పోయిన భర్త... లాజర్..."

"లాజర్ ఎవరూ?"

ఫోను ఎవరు పెట్టారో గుర్తులేదు. అట్లు మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు. తలుపు సందులోంచి చూస్తున్న దోసకాయలు కూడా కదల్లేదు.

రబ్బీ గారే ముందు తేరుకున్నారు. "ఉంగరం రైసెల్‌ది. ఆమెకు తెలియకుండా చేయి మారింది. పెషాది కానప్పుడు ఈ అబ్బాయిది ఎలా అవుతుంది? అబ్బాయిది కానప్పుడు వాడు ఏం తొడిగినా ఒకటే. ఏమీ జరగలేదు. విడాకులూ అక్కర్లేదు. కాట్స్ గారూ, ఇందాక చెప్పిన ఆ కొందరు కూడా దీనికి ఒప్పుకుంటారు."

కాట్స్ గారు తల ఊపారు. మీకా ఫ్రిజ్జుకి వీపు ఆనించి, అలాగే జారి నేలమీద కూర్చుండిపోయాడు. త్సిపోరా వేలినుంచి ఉంగరం అప్పుడే, సబ్బునీళ్లలో, చప్పుడు లేకుండా ఊడివచ్చింది.

సంతోషించాల్సిన వేళ. అందరూ పెషా పిన్నినే చూస్తున్నారు.

"పెషా" అన్నాడు హెర్షెల్. ఆయన గొంతు అంత చిన్నగా ఉంటుందని నాకు తెలియదు. "మరి ఇన్నేళ్లూ నేను కదిష్ ఎవరికి చెప్పాను?"

పిన్ని తలెత్తలేదు. "చెప్పేవాళ్లు లేకుండా పోయినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు హెర్షెల్. వాళ్లలో ఎవరికో ముట్టే ఉంటుంది."

"జ్వరంతో కూడా వచ్చాను."

"తెలుసు. ఆ రోజే చెప్పేద్దామనుకున్నాను. నీకు సూప్ చేసి పంపాను గానీ నోరు రాలేదు."

"ఎందుకే ఇదంతా?" అంది గీతెల్. కోపమో జాలో ఆ గొంతులో తెలియలేదు.

"గది అద్దెకు అడిగితే 'పెళ్లయిందా?' అన్నారు. పనికోసం వెళ్తే 'పెళ్లెప్పుడు?' అన్నారు. శనివారం మందిరంలో కూర్చుంటే ఇద్దరు ఆడవాళ్లు రెండువైపులా చేరి మా తమ్ముడున్నాడు, మా మరిది ఉన్నాడు అన్నారు. నాకు ఎవరూ వద్దు గీతెల్. కుట్టుకోవడం కావాలి, సాయంత్రం ఈ హాలు కావాలి. వద్దు అంటే మీరెవరూ ఒప్పుకోరు. పోయాడు అంటే ఒప్పుకుంటారు. చెల్లి ఉంగరం చేతిలో ఉంది. పెట్టుకున్నాను. ఊరెళ్లేటప్పుడు రైల్లో తీసేసేదాన్ని. తర్వాత మీరు ఆయన సంగతులు అడిగేవారు. ఏదో ఒకటి చెప్పాలి కదా."

మా అమ్మ ముందుకు వచ్చింది. "మరి కిస్మిస్?" అంది.

"కిస్మిస్ నాకే పడదు" అంది పెషా పిన్ని.

ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, గౌను జేబులోంచి రెండు సూదులు తీసి పళ్ల మధ్య పెట్టుకుంది. "పిల్లలు వెల్వెట్‌లో ఉడికిపోతున్నారు. రెండో అంకం మొదలుపెట్టండి" అంది. నిజంగానే మొదలుపెట్టాం. ఎలియాకిమ్ ఆ అంకమంతా చేతులు వెనక్కి కట్టుకునే పాడాడు.

ఇంటికి నడుస్తుంటే నాకు లాజర్ ఆ మధ్యాహ్నమే పోయినట్టనిపించింది. నిమ్మతొక్క నమిలే మనిషి, మబ్బుకే తుమ్మే మనిషి, ఎక్కడికి పోతాడు? పిన్ని మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. మాలో కొందరికి వచ్చింది. గీతెల్ చాన్నాళ్లు ఆవిడతో ముక్తసరిగా ఉంది. గౌన్ల దుకాణంలో ఆవిడ వీపు వెనక గుసగుసలు నడిచాయి. రైసెల్ స్వయంగా మాంట్రియల్ నుంచి దిగి, రెండు రోజులు తిట్టి, మూడోరోజు కావలించుకుని, ఉంగరం తీసుకుని వెళ్లింది. హెర్షెల్ మాత్రం వసంతంలో ఆ తిథి వచ్చినప్పుడు మందిరంలో మామూలుగానే లేచి నిలబడ్డాడు. ఎవరికి చెప్తున్నాడని ఎవరూ అడగలేదు.

ఆ వేసవిలోనే త్సిపోరా పెళ్లి. గౌను నడుము దగ్గర బిగించింది పెషా పిన్నే. ఆవిడ ఆ రోజు తలగుడ్డ లేకుండా వచ్చింది. నెరిసిన జుట్టు, పొట్టిగా, చక్కగా దువ్వుకుని ఉంది. చూసినవాళ్లు చూసినచోటే ఆగిపోయారు. కాట్స్ గారి అక్కగారు మటుకు తిన్నగా దగ్గరికి వచ్చి, "నీకు పెళ్లి కాలేదటగా? మా బావగారొకాయన ఉన్నారు, పళ్లన్నీ సొంతవే" అని మొదలుపెట్టింది. పిన్ని నావైపు చూసి, "చూశావా? ఇందుకే" అంది.

పందిరి కింద మీకా నిలబడ్డాడు. రబ్బీ ఓస్త్రోవ్ గారు సాక్షులను పిలిచారు. ఉంగరం చూపించి, ప్రతి పెళ్లిలోనూ పెళ్లికొడుకుని అడిగే మాటే అడిగారు.

"ఈ ఉంగరం నీదేనా?"

అంతే. వందసార్లు విన్న ప్రశ్నే. కానీ కాట్స్ గారితో సహా, పందిరి చుట్టూ ఉన్న తలలన్నీ ఒక్కసారిగా పెషా పిన్ని వైపు తిరిగాయి. మీకా కూడా జవాబు చెప్పడం మరిచిపోయి తిరిగి చూశాడు.

పెషా పిన్ని ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించింది.

"నన్ను చూస్తారేం? ఈసారి నాకేం సంబంధం లేదు!"

త్సిపోరా మేలిముసుగు కిందే పకపకా నవ్వింది. రబ్బీ గారు నవ్వు ఆపుకుంటూ మీకా భుజం తట్టారు. "బాబూ, నిన్నే అడుగుతున్నాను."

"నాదేనండీ" అన్నాడు మీకా, హాలు చివరి వరసకి కూడా వినపడేలా.